పద్నాలుగో గది దిండు

నేనొక బూరుగుదూది దిండుని. ఇప్పుడు అంగళ్లలో ప్లాస్టిక్ కవరు తొడుక్కుని కూర్చునే దిండ్లను చూసి నన్ను ఊహించుకోకండి. అవి నొక్కితే లోపలికి పోయి, వదిలితే పైకి లేస్తాయి. నన్ను నొక్కితే నొక్కినట్టే ఉండిపోతాను. రెండు చేతులతో తట్టి, నాలుగు మూలలూ లాగి, ఒక పూట ఎండలో వేస్తే గానీ మామూలు మనిషిని కాను. మనిషి అన్నానని నవ్వకండి. ఇన్నేళ్లు మనుషుల తలలు మోసినదానికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

నన్ను నంద్యాలలో ఖాసింబీ అనే ఆమె కుట్టింది. కాయలు పగిలి దూది గాలికి ఎగిరే ఎండాకాలం అది. ఆమె భర్త దూది ఏకేవాడు. ఆమె నీలిచారల గుడ్డతో సంచులు కుట్టి, గుప్పెడు గుప్పెడుగా దూది కూరేది. ప్రతి దిండూ పూర్తయ్యాక దాని మీద చెంప ఆనించి, కళ్లు మూసుకుని, లోపల పదిదాకా లెక్కపెట్టేది. నచ్చకపోతే కుట్టు విప్పి ఒక గుప్పెడు తీసేసేది. నా దగ్గర పది దాటి కాసేపు అట్లాగే ఉండిపోయింది. భర్త పిలిస్తే ఉలిక్కిపడి లేచి, "ఇది బాగుంది" అంది. నా జీవితంలో మొదటి మెప్పు అదే.

నన్ను కొన్నది ఈరన్న. పత్తికొండ మనిషి, లారీ డ్రైవరు. బేతంచర్ల నాపరాళ్లు ఎక్కించుకుని బెంగుళూరు, హైదరాబాదు తిరిగేవాడు. రెండేళ్లు నేను అతని లారీలో, సీటు వెనకాల పలక మీద ఉన్నాను. అతనికి ఒక పట్టుదల ఉండేది. కళ్లు మండటం మొదలైతే బండి పక్కకు తీయాల్సిందే. యజమాని ఫోన్ చేసి ఎంత అరిచినా, "సరుకు ఒక పూట ఆలస్యమైతే ఎవురూ సావరు సార్" అని పెట్టేసేవాడు. సీసాలో నీళ్లతో ముఖం, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, నా మీద తల పెట్టేవాడు. పక్కనుంచి బస్సులు హారన్లు కొట్టుకుంటూ పోయేవి. అతను రెండు నిమిషాల్లో నిద్రపోయేవాడు.

అప్పుడు నేను అనుకున్నాను, నిద్ర అంటే ఇంతే కాబోలు, తల పెడితే వచ్చేస్తుంది కాబోలు అని. దిండు తెలివి ఎంతలే.

ఈరన్న కూతురు హంపేశ్వరికి నర్సింగ్ కాలేజీలో సీటు వచ్చింది. ఆ కాలేజీ పేరు, ఊరి పేరు చెప్పను. అక్కడి పిల్లలు ఇంకా చదువుకుంటున్నారు. బయల్దేరే రోజు ఈరన్న నాకు కొత్త గలీబు తొడిగి కూతురి చేతికిచ్చాడు.

"కొత్తది కొనుక్కుంటా కదా నాయనా" అంది హంపేశ్వరి.

"కొత్తది తలకు కుదిరేలోపల నెల పడతాది. ఈ నెల నీకు నిద్ర బాగుండాల. కొత్త ఊరు, కొత్త సదువు" అన్నాడు ఈరన్న.

అట్లా నేను లేడీస్ హాస్టల్లో పద్నాలుగో నంబరు గదికి చేరాను. రెండు ఇనప మంచాలు, రెండు అలమరాలు, ఒక కిటికీ. రెండో మంచం రిబ్కాది. మార్కాపురం పిల్ల. సన్నగా, పొడుగ్గా ఉండేది, మాటకు ముందు నవ్వేది. ఇద్దరిదీ ఒకే క్లాసు.

మొదటి నెల హంపేశ్వరి తొమ్మిదిన్నరకే పడుకునేది. అది చూసి పక్క గదుల పిల్లలు నవ్వారు. ఆ హాస్టల్లో నిద్ర తక్కువ ఉండటం ఒక గొప్ప. పొద్దున పళ్లు తోముకునే చోట వాళ్ల మాటలు కిటికీలోంచి నాకు వినబడేవి. "నేను రెండింటికి పడుకున్నా" అని ఒకరంటే, "నాకు మూడైంది" అని ఇంకొకరు. నాలుగన్న పిల్ల వైపు అందరూ గౌరవంగా చూసేవాళ్లు. నాలుగింటి దాకా ఏం చదివావని మాత్రం ఎవరూ అడిగేవాళ్లు కాదు.

హంపేశ్వరికి కూడా సిగ్గేసింది. ముందు పుస్తకం పట్టుకుని పదకొండు దాకా కూర్చుంది. నన్ను ఒళ్లో పెట్టుకుని నా మీద పుస్తకం పెట్టుకునేది. తర్వాత పుస్తకం పక్కన ఫోన్ వచ్చింది. ఆ తర్వాత ఫోన్ పక్కన పుస్తకం అయింది. చివరికి పుస్తకం అలమరాలోకి పోయింది, ఫోన్ నా కిందికి వచ్చింది. అది వేడిగా ఉండేది. ఊరికే వణికేది. వణికినప్పుడల్లా హంపేశ్వరి చెయ్యి నా కిందికి దూరేది. పది గంటలకు మెస్సులో టీ దొరికేది, ఇద్దరూ వెళ్లి తాగి వచ్చేవాళ్లు. వచ్చి, నిద్ర రావడం లేదని మళ్లీ ఫోన్ తీసేవాళ్లు. ఆదివారం పన్నెండు దాకా పడుకునేవాళ్లు. ఆదివారం అంత సేపు పడుకున్నందుకు సోమవారం తెల్లారేదాకా కళ్లు మూతపడేవి కావు. ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు.

రెండో ఏడాదికి ఆ పిల్ల మారిపోయింది. తల నొప్పని ఊరికే కసురుకునేది. రిబ్కాతో చిన్న బకెట్టు కోసం రెండు రోజులు మాట్లాడలేదు. ఇంటికి ఫోన్ చేయడం తగ్గించింది. ఎప్పుడూ డెబ్బైకి తగ్గని మార్కులు యాభై దగ్గరికి వచ్చాయి. "నాకు సదువు అబ్బదేమోనే" అని ఒక సాయంత్రం రిబ్కాతో అంది. నాకైతే ఆ తల బరువు తెలుసు. చదువు అబ్బని తల బరువు కాదది. నిద్ర చాలని తల బరువు.

ఆ ఏడాది వాళ్లను పొద్దునపూట కాలేజీ ఆసుపత్రిలో పిల్లల వార్డుకు వేశారు. ఒక మంగళవారం, పొద్దున ఏడున్నరకు పోయిన హంపేశ్వరి పదకొండుకే తిరిగి వచ్చింది. తెల్ల చీర మార్చుకోలేదు. తలుపు మూసి, మంచం మీద బోర్లా పడి, నన్ను రెండు చేతులా పట్టుకుంది. గలీబు తడిసి, గుడ్డ తడిసి, దూది దాకా తడి వచ్చింది.

మధ్యాహ్నం భోజనానికి వచ్చిన రిబ్కా ఆమెను చూసి బెదిరిపోయింది.

"ఏందే? ఇంట్లో ఏమన్నా అయిందా?"

"నా చేతుల్లో ఒక బిడ్డ పోయేదే" అంది హంపేశ్వరి.

అప్పుడు చెప్పింది. ఎనిమిది నెలల బిడ్డ, జ్వరం. ఇచ్చే చుక్కల మందు చాలా గాఢమైనది. కాగితం మీద సున్నా పాయింట్ ఎనిమిది ఎం.ఎల్. అని ఉంది. హంపేశ్వరి కళ్లకు ఎనిమిది మాత్రమే కనబడింది. సిరంజిలోకి ఎనిమిది ఎక్కించింది. బిడ్డను తల్లి ఒళ్లో పడుకోబెట్టి, నోటి దగ్గరికి తీసుకుపోయింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె మణికట్టు పట్టుకుంది. అది పద్మాక్షి సిస్టర్ చెయ్యి. ఇరవై రెండేళ్లుగా ఆ వార్డులో ఉన్న నర్సు.

"తల్లి ఏమీ కనిపెట్టలేదు. నా పక్క చూసి నవ్వింది కూడా. సిస్టర్ నన్ను పక్క గదిలోకి తీసుకుపోయింది. కొడతాదనుకున్న. కొట్టింటే బాగుండు."

"మరేమంది?"

"రాత్రి ఎన్ని గంటలు పండుకున్నావు అని అడిగింది. మూడు అన్న. చదువుకుంటాంటివా అంది. అబద్ధం చెబుదామని నోరు తెరిచి, చెప్పలేకపోయినానే. లేదు సిస్టర్, ఫోన్ చూస్తాంటి అన్న."

పద్మాక్షి సిస్టర్ ఆ తప్పును రిజిస్టరులో రాసి, హంపేశ్వరితోనే సంతకం పెట్టించిందట. తర్వాత చెప్పిందట: "ఈ రోజు నువ్వు మందు ముట్టుకోవద్దు. పోయి పండుకో. రేపు పొద్దున వచ్చి ఎన్ని గంటలు పండుకున్నావో నాకు చెప్పు. ఎల్లుండి కూడా చెప్పు. నేను చాలన్నదాకా రోజూ చెప్పు."

ఆ రోజు నుంచి హంపేశ్వరి నిద్ర నేర్చుకోవడం మొదలుపెట్టింది. నేర్చుకోవడమే. మీరు నవ్వినా సరే. పుట్టిన పసిపాపకు వచ్చే విద్యను పందొమ్మిదేళ్ల పిల్ల మళ్లీ మొదటినుంచి దిద్దుకోవాల్సి వచ్చింది.

మొదటి రోజు ఫోన్‌ను ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. గంటలో నాలుగుసార్లు తాళం తీసింది. నాలుగోసారి రిబ్కా, "పాపం తాళం అరిగిపోద్దే" అంది. రెండో రోజు తాళంచెవి రిబ్కాకు ఇచ్చింది. పదకొండుకు పడుకుని రెండు దాకా నా మీద అటూ ఇటూ దొర్లింది. మరుసటి రోజు సిస్టర్‌కు "నాలుగు" అని చెప్పింది. సిస్టర్ "సరే" అంది, అంతే. ఆదివారం పన్నెండు దాకా పడుకుంటానని వారమంతా ఆశపడితే, సిస్టర్ దానికీ అడ్డం పడింది. "ఆదివారమైనా ఆరింటికే లెయ్యి. ఒళ్లు గడియారం లాంటిది, దాని ముల్లు వారానికొకసారి నువ్వు తిప్పితే అదేం చేస్తాది?" అందట. సాయంత్రం దాటాక టీ మానింది. మంచం మీద చదవడం మానింది. పుస్తకం తీసుకుని వరండా మెట్ల మీద కూర్చునేది. పుస్తకాల బల్లగా నా ఉద్యోగం పోయింది. కాస్త చిన్నబుచ్చుకున్నాను గానీ, నా అసలు ఉద్యోగం నాకు తిరిగి వచ్చింది.

మూడో వారంలో ఒక రోజు, పది కొట్టి ఇంకా పావుగంట కాలేదు, ఆమె తల ఒక్కసారిగా బరువెక్కింది. మెడ వదులైంది. నిద్రపోయే మనిషి తల ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. రెండేళ్లు లారీలో మోశాను. మరుసటి రోజు సిస్టర్ దగ్గరినుంచి నవ్వుకుంటూ వచ్చింది. "ఏడున్నర అని చెప్తే, ఇంక నాకు చెప్పాల్సిన పని లేదు అనిందే."

అంతటితో అయిపోతే ఇది ఒక పిల్ల కథ. కానీ ఆ ఏడాది వాళ్లకు ఒక ప్రాజెక్టు చేయాల్సి వచ్చింది. చుట్టుపక్కల మనుషుల ఆరోగ్యం గురించి ఏదైనా ఒక విషయం తీసుకుని, వాళ్లను అడిగి, రాసి ఇవ్వాలి. మిగతా వాళ్లు దోమలు, నీళ్లు, చేతులు కడుక్కోవడం తీసుకున్నారు. హంపేశ్వరి నిద్ర తీసుకుంటానంది.

"నిద్ర కూడా ఒక విషయమేనా?" అని రిబ్కా నవ్వింది. నవ్వినా, తనే జంటగా చేరింది.

ఇద్దరూ కూర్చుని ప్రశ్నలు రాశారు. ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, ఫోన్ ఎక్కడ పెడతారు, చివరి టీ ఎప్పుడు తాగుతారు. పడుకునే ముందు ఫోన్ చూస్తే నిద్ర చెడుతుందని మీకు తెలుసా? తెలిస్తే దూరం పెడుతున్నారా? ఆఖరున ఒక ప్రశ్న పెట్టింది హంపేశ్వరి: "మీకు నిద్ర ఎందుకు రావడం లేదని మీరు అనుకుంటున్నారు?" పేర్లు రాయనక్కర్లేదని చెప్పి, హాస్టల్లో ఉన్న తొంభై ఆరు మందికీ కాగితాలు పంచారు. నింపిన కాగితాలు ఒక అట్టపెట్టెలో వేయించారు.

ఒక శనివారం సాయంత్రం, రిబ్కా బట్టలు ఉతకడానికి పోయినప్పుడు, హంపేశ్వరి నన్ను గోడకు ఆనించి, నాకు వీపు ఆనించి, ఆ కాగితాలు ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఫోన్ వల్ల నిద్ర చెడుతుందని తెలుసన్నవాళ్లు ఎనభై ఎనిమిది మంది. దూరం పెడుతున్నవాళ్లు తొమ్మిది మంది. మళ్లీ లెక్కపెట్టింది. తొమ్మిదే. "అంతా తెలుసు వీళ్లకు" అని పైకే అనుకుంది. ఆ గొంతులో నీరసం నాకు అర్థమైంది. తెలియనివాళ్లకు చెప్పవచ్చు. తెలిసినవాళ్లకు ఏం చెప్తాం? పైగా వాళ్లంతా రేపు జనానికి ఆరోగ్యం నేర్పబోయే పిల్లలు.

అరవైయో, డెబ్బైయో కాగితం దగ్గర ఆమె చెయ్యి ఆగింది. ఆఖరి ప్రశ్న కింద చాలామంది "పరీక్షలు" అనీ, "అలవాటు" అనీ రాశారు. ఆ కాగితం మీద గుండ్రటి అక్షరాలతో ఒక వాక్యం ఉంది. హంపేశ్వరి మెల్లగా చదివింది.

"లైటు ఆర్పితే అమ్మ గుర్తొస్తుంది. ఏదో ఒకటి వినబడుతూ ఉండాలి."

పేరు లేదు. అక్కర్లేదు. ఏడాదిన్నరగా ఆ గుండ్రటి అక్షరాల నోట్సు చూసి రాసుకున్న పిల్లకు ఆ రాత ఎవరిదో తెలియదా? రిబ్కా వాళ్లమ్మ, ఆ పిల్ల మొదటి ఏడాదిలో ఉండగా పోయింది. రిబ్కా పది రోజులు ఇంటికి పోయి వచ్చి, మళ్లీ నవ్వుతూ తిరిగింది. అందరూ గట్టి పిల్ల అన్నారు. ఎప్పుడు చూసినా ఆమె చెవిలో ఆగకుండా ఏవో పాటలు, ఏవో మాటలు మోగుతుంటే, ఫోన్ పిచ్చి అన్నారు. హంపేశ్వరి కూడా అంది. నేను విన్నాను.

రిబ్కా తడి బట్టలతో వచ్చేసరికి కాగితాలన్నీ పెట్టెలోకి వెళ్లిపోయాయి. హంపేశ్వరి ఆ మాట ఎత్తలేదు. తన మంచం పట్టుకుని లాగుతూ ఉంది. ఇనప కాళ్లు నేల మీద గీసుకుపోతున్న చప్పుడు.

"ఏం చేస్తున్నావే?"

"కిటికీ కాడ ఎండ పడుతాంది. ఇట్లకు జరుపుతాండ."

కిటికీ ఉన్నది రిబ్కా మంచం వైపే. రెండు మంచాలూ ఆనుకున్నాక, హంపేశ్వరి నన్ను తీసి రిబ్కా పక్క మీద పెట్టింది. రిబ్కా దిండు స్పాంజిది, అప్పడంలా అయిపోయి ఉండేది.

"ఇది వాడు. మా నాయన దిండు. దీని మీద నిద్రపట్టని మనిషి లేడు" అంది.

అది అబద్ధం. ఆమెకే ఏడాదిన్నర పట్టలేదు. కానీ కొన్ని అబద్ధాలకు నేను అడ్డం చెప్పను.

రిబ్కా నన్ను చూసింది, కాగితాల పెట్టె చూసింది, హంపేశ్వరి ముఖం చూసింది. "చదివావా?" అంది.

"చదివిన."

రిబ్కా తడి బకెట్టు పట్టుకుని అట్లాగే నిలబడింది. నవ్వుదామని చూసింది. నవ్వు రాలేదు. పందొమ్మిది నెలల్లో మొదటిసారి ఆ పిల్ల ఏడవడం నేను చూశాను. హంపేశ్వరి ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని, బకెట్లోంచి ఒక్కొక్క గుడ్డా తీసి పిండుతూ ఉంది. కాసేపటికి రిబ్కాయే మాట్లాడింది. అమ్మ చేసే గోంగూర గురించి, అమ్మ గొంతు గురించి, ఆఖరి రోజు ఫోన్ చేస్తే క్లాసులో ఉండి తీయలేకపోవడం గురించి.

"నువ్వు ఫోన్ దూరం పెట్టమంటే నాకు కోపం వచ్చేదే. నీకు అది ఫోన్. నాకు అది మోగకుండా ఉంటే భయం."

"నాకు తెలవకపాయె" అంది హంపేశ్వరి.

సోమవారం హంపేశ్వరి ఆమెను పద్మాక్షి సిస్టర్ దగ్గరికి తీసుకుపోయింది. సిస్టర్ అంతా విని, "ఇది టీ మానితే పోయేది కాదు తల్లీ. దీనికి డాక్టరమ్మ ఉంది, నేనే తీసుకుపోతా" అని, మనసు సంగతులు చూసే డాక్టరు దగ్గర కూర్చోబెట్టిందట. రిబ్కా ప్రతి గురువారం వెళ్లేది. వచ్చాక ఒక్కోరోజు తేలిగ్గా ఉండేది, ఒక్కోరోజు గోడ వైపు తిరిగి పడుకునేది. చెవిలో పాటలు వెంటనే ఆపమని ఎవరూ అనలేదు. ముందు సగం చేసింది. తర్వాత పక్క మంచం మీద హంపేశ్వరి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే చాలన్నట్టుగా అయింది. ఎముకల పేర్లు, కండరాల పేర్లు వరసగా చెప్పేది హంపేశ్వరి. చాలాసార్లు మధ్యలో తనే నిద్రపోయేది.

ఆ కాగితం వాళ్ల ప్రాజెక్టును మార్చేసింది. "తెలుసా, తెలుసా అని అడిగితే లాభం లేదే. ఒక్కతే కూర్చుని మారాలంటే ఎవరూ మారరు. అందరికీ కలిపి ఏదన్నా మారాల" అంది హంపేశ్వరి. ఇద్దరూ వార్డెన్ తిమ్మక్క దగ్గరికి పోయారు. ఆ సంగతి వచ్చి ఒకరికొకరు నవ్వుకుంటూ చెప్పుకుంటే విన్నాను. అడిగినవి నాలుగే. వరండాలో రాత్రంతా వెలిగే ట్యూబ్‌లైటు తలుపుల పైనుంచి ముఖాల మీద పడుతోంది, దాన్ని చివరికి జరపాలి. తొమ్మిదింటి భోజనం ఎనిమిదికి పెట్టాలి. పది గంటల టీ సాయంత్రం అయిదున్నరకు ఇవ్వాలి. పదిన్నరకు ఇష్టమున్నవాళ్లు ఫోన్లు పెట్టుకోవడానికి వరండాలో తాళం ఉన్న ఒక అలమరా ఉండాలి.

"ముప్పై ఏండ్ల నుంచి ఉండాను ఈడ. నిద్ర రాలేదని ఒక్క పిల్ల నాకు చెప్పలేదు" అంది తిమ్మక్క.

"మీరు అడగలేదు కదక్కా" అంది రిబ్కా.

తిమ్మక్క కోపంగా చూసి, వాళ్లు వెళ్లబోతుంటే వెనక్కి పిలిచిందట. ఆ కాగితం ఇంకొకటి ఉంటే ఇమ్మంది. తనే నింపి, మడిచి ఇచ్చింది. అందులో ఏం రాసిందో వాళ్లిద్దరూ గదిలో చదువుకోలేదు, కాబట్టి నాకు తెలియదు. కానీ మరుసటి వారం ట్యూబ్‌లైటు జరిగింది.

మొదట్లో అలమరాలో ఫోన్లు అయిదే ఉండేవి. టీ పోయిందని మూడో అంతస్తు పిల్లలు రెండు రోజులు హంపేశ్వరిని చూసి ముఖం తిప్పుకున్నారు. ఒక పిల్ల పాత పగిలిన ఫోన్ అలమరాలో పెట్టి, అసలుది దుప్పటికింద దాచుకుంది. మనుషులు తమను తాము మోసం చేసుకోవడానికి కూడా ఇంత కష్టపడతారని నాకు అప్పుడే తెలిసింది. పరీక్షల ముందు మళ్లీ చాలామంది పాత దారికి పోయారు. హంపేశ్వరి కూడా రెండు రోజులు పోయింది. మూడో రోజు తనే ట్రంకు పెట్టె తాళంచెవి తీసి రిబ్కాకు ఇచ్చింది.

మార్చి నెలలో ఒక గురువారం. ఆ రోజు ప్రత్యేకం ఏమీ లేదు. పదిన్నర దాటాక హంపేశ్వరి ఎముకల పేర్లు మొదలుపెట్టింది. చేతి ఎముకలు అయి, మణికట్టు దగ్గరికి వచ్చింది. నా మీద తల ఒక్కసారిగా బరువెక్కింది. నేను నమ్మలేదు. ఊపిరి గమనించాను. నెమ్మదిగా, లోతుగా, ఒక్క తీరుగా వస్తోంది. చెవిలో ఏమీ లేదు. ఫోన్ అలమరాలో ఉంది. హంపేశ్వరి "రిబ్కా" అని మెల్లగా పిలిచింది. జవాబు లేదు. ఇంకోసారి పిలవబోయి, తన నోరు తనే మూసుకుంది.

ఆ హాస్టల్లో పొద్దున ఆరింటికి గంట కొడతారు. వేలాడదీసిన రైలుపట్టా ముక్కను తిమ్మక్క ఇనపకడ్డీతో కొట్టేది. ఆ చప్పుడుకు చెట్ల మీద కాకులు కూడా లేచేవి. ఆ ముక్క మా గది తలుపుకు ఎదురుగానే ఉంది. శుక్రవారం పావుతక్కువ ఆరుకే హంపేశ్వరి లేచి తలుపు బయట నిలబడింది. నేను రిబ్కా తలకింద ఉండి విన్నాను.

"అక్కా, ఈ ఒక్క రోజు కొట్టొద్దక్కా."

"ఏమే? ఏమైంది?"

"రిబ్కా పండుకోని ఉంది."

తలుపు సందులోంచి తిమ్మక్క లోపలికి తొంగిచూసింది. కడ్డీ ఆమె చేతిలోనే ఉంది. రిబ్కా ఒక చెయ్యి నా కింద, ఒక చెయ్యి పక్క మంచం మీదికి చాపి, నోరు కొంచెం తెరుచుకుని పడుకుని ఉంది. తిమ్మక్క వెనక్కి తిరిగింది. ఆ రోజు గంట మోగలేదు. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్న వార్డెన్, మోకాళ్ల నొప్పులున్న మనిషి, మూడు అంతస్తులూ ఎక్కి, ప్రతి తలుపూ వేలితో తట్టి లేపింది. నీళ్ల కుళాయిల దగ్గర పిల్లలు గుసగుసలతో మాట్లాడుకున్నారు. ఎవరి చేతిలోనో చెంబు జారి పడబోతే నలుగురు పట్టుకున్నారు. రిబ్కా పావుతక్కువ ఏడుకు కళ్లు తెరిచి, కిటికీలో ఎండ చూసి, "గంట కొట్టలేదా?" అని కంగారుగా లేచింది. గుమ్మం దగ్గర పదిమంది పిల్లలు బ్రష్షులు పట్టుకుని నవ్వుతూ నిలబడి ఉన్నారు.

మూడు నెలల తర్వాత మళ్లీ కాగితాలు పంచారు. ఫోన్ దూరం పెడుతున్నవాళ్లు ముప్పై నాలుగు మంది. ప్రాజెక్టు చూసే మేడమ్, "తొంభై ఆరు మందిలో ముప్పై నాలుగేనా?" అందట. "తొమ్మిది నుంచి ముప్పై నాలుగు మేడమ్" అందట హంపేశ్వరి. ఆ మాట రిబ్కా గదిలో మేడమ్ గొంతుతో, హంపేశ్వరి గొంతుతో మార్చి మార్చి నటించి చూపించింది. హంపేశ్వరి మార్కులు మళ్లీ డెబ్బై దాటాయి. తెలివి పెరిగిందని కాదు, ఉన్న తెలివి మేలుకుని ఉంది కాబట్టి.

చదువు అయిపోయిన రోజు రిబ్కా నన్ను దులిపి, గలీబు ఉతికి, హంపేశ్వరి సంచి మీద పెట్టింది. హంపేశ్వరి నన్ను తీసి రిబ్కా సంచిలో కుక్కింది.

"మీ నాయన దిండు కదే."

"మా నాయనకు చెప్పిన. నాకు ఇప్పుడు బస్సు సీటు మీద కూడా నిద్ర వస్తాది. నువ్వు తీసుకుపో."

హంపేశ్వరి ఇప్పుడు ఆదోనిలో పిల్లల వార్డులో ఉంది. నేను మార్కాపురంలో, రిబ్కా అద్దె గదిలో ఉన్నాను. ఆమె కాన్పుల వార్డులో పనిచేస్తుంది. వారం విడిచి వారం రాత్రి డ్యూటీ. పుట్టే పిల్లలు గడియారం చూసి పుట్టరు కదా. డ్యూటీ దిగి వచ్చి, స్నానం చేసి, రెండు ఇడ్లీలు తిని, కిటికీకి దళసరి నల్ల దుప్పటి కట్టి, పగటిపూట పడుకుంటుంది. పక్కింటావిడ మొదట్లో వింతగా చూసింది. ఇప్పుడు తనే కూరగాయల బండివాడిని "అరవకు నాయనా, నర్సమ్మ పడుకుంది" అని అవతలి సందుకు పంపుతుంది.

నేను పల్చబడ్డాను. మధ్యలో ఉండలు కట్టాను. ఒక సంగతి చెప్పాలి. ప్రాజెక్టు ఆఖరులో ఈ ఇద్దరూ ఒక కరపత్రం రాశారు. అందులో ఎనిమిదో వాక్యం: "ఉండలు కట్టిన పాత దిండు వెంటనే మార్చండి." ఆ వాక్యాన్ని హంపేశ్వరి నా మీదే కాగితం పెట్టుకుని రాసింది. పోయిన వారం రిబ్కా ఆ సలహా తనే పాటించి, కొత్త దిండు కొనుక్కుంది. నాకు బాధ లేదు. మంచి సలహా అది. నన్ను పారేయలేదు. కొత్తది తలకింద పెట్టుకుని, నన్ను పక్కన పెట్టుకుంటుంది.

ఈ పొద్దున వచ్చి, "కవలపిల్లలు, ఇద్దరూ బాగున్నారు" అని ఫోన్లో హంపేశ్వరికి చెప్పింది. ఫోన్ తీసుకుపోయి వంటగదిలో పెట్టి వచ్చింది. దుప్పటి కట్టింది. బయట ఎండ మండిపోతోంది, లోపల చల్లగా, చీకటిగా ఉంది. ఒక చెయ్యి నా మీద వేసింది. వేళ్లు నా మూల పట్టుకున్నాయి. ఇప్పుడు ఒక్కొక్క వేలూ వదులవుతోంది.

మెల్లగానే చెబుతున్నాను గానీ, ఇంక ఆ మాత్రం చప్పుడు కూడా వద్దు.